జావాలో విలోమ అతిపరావలయ సైన్: నష్టాలవైపు గ్రాఫు మెట్లుమెట్లుగా ఎందుకు వస్తోంది?

లాభనష్టాల_పట్టిక

అందరికీ నమస్కారం. చిన్న, మధ్యతరహా పరిశ్రమల వార్షిక లాభనష్టాల పట్టిక ఒకటి నా దగ్గర ఉంది. కొన్నిటి లాభం వేలల్లో, కొన్నిటిది కోట్లల్లో. కొన్ని సరిగ్గా సున్నా దగ్గర ఆగాయి, చాలా సంస్థలు నష్టాల్లో ఉన్నాయి. అన్నీ లాభాలే అయితే సంవర్గమానం తీసుకుని గ్రాఫు గీయవచ్చు. సున్నాకూ రుణసంఖ్యలకూ సంవర్గమానం లేదు కాబట్టి విలోమ అతిపరావలయ సైన్, అంటే ఏసిన్హ్, ఎంచుకున్నాను.

ప్రోగ్రాము జావా 17లో ఉంది. అందులోని మాథ్ క్లాసులో సిన్హ్, కాష్, టాన్హ్ ఉన్నాయి కానీ వాటి విలోమాలు లేవు. అందుకని ఇంటర్ మొదటి సంవత్సరంలో మనమంతా చదివిన సూత్రాన్నే రాశాను:

ఏసిన్హ్(ఎక్స్) = లాగ్(ఎక్స్ + √(ఎక్స్² + 1))

లాగ్ అంటే సహజ సంవర్గమానం. ఎక్స్ విలువ రూపాయల్లో, డబుల్ రకంలో (దశాంశ సంఖ్యలను దాచే ఎనిమిది బైట్ల రకం) ఉంది.

లాభాలవైపు వక్రం నున్నగా ఉంది. నష్టాలవైపే చిక్కు. 10 కోట్ల లాభానికి 19.113828 వస్తుంటే 10 కోట్ల నష్టానికి మైనస్ అనంతం వస్తోంది. 5 కోట్ల నష్టానికీ 6 కోట్ల నష్టానికీ ఒకటే విలువ: −18.714974. 4 కోట్లకు −18.021827. సూత్రం ప్రకారం రెండు వైపులూ అద్దంలో బొమ్మల్లా ఉండాలి కదా? జావాలోని లాగ్‌లో ఏదైనా లోపం ఉందా?

కొత్తకోడరు

పైథాన్‌లో మాథ్.ఏసిన్హ్ నేరుగా ఉంది. ఇప్పుడే −10 కోట్లు ఇచ్చి చూశాను, −19.113828 వచ్చింది. పైథాన్‌కు మారిపోవడం తేలిక కదా?

ద్విసంఖ్య

కొత్తకోడరు గారూ, మారితే ఈ పట్టిక పని జరిగిపోతుంది, నిజమే. అయితే ఇదే సూత్రాన్ని పైథాన్‌లో చేత్తో రాసి చూడండి. అక్కడ లాగ్‌కు సున్నా అందుతుంది, ప్రోగ్రాము పొరపాటు సందేశం ఇచ్చి ఆగిపోతుంది. జావా ఆగకుండా మైనస్ అనంతం ఇస్తుంది, అంతే తేడా. అసలు కారణం రెండు భాషలకూ ఉమ్మడిది.

లాభనష్టాల_పట్టిక గారూ, జావా లాగ్‌లో లోపం లేదు. మీ సూత్రమూ గణితపరంగా తప్పు కాదు. అది కాగితం మీద అనంతమైన అంకెలతో నడుస్తుంది. డబుల్ రకానికి ఉన్నవి 53 ద్విసంఖ్యా స్థానాలు, దశాంశంలో చెప్పాలంటే సుమారు 16 అంకెలు.

−10 కోట్లు తీసుకోండి. దాని వర్గం 10¹⁶. దానికి 1 కలపాలి. కానీ 2⁵³, అంటే 9,00,71,99,25,47,40,992 దాటిన తర్వాత పక్కపక్కనున్న రెండు డబుల్ సంఖ్యల మధ్య దూరం 2. మీరు కలిపిన 1కి అక్కడ చోటు లేదు, సవరణలో, అంటే దగ్గరి డబుల్ సంఖ్యకు సర్దడంలో, పోతుంది. వర్గమూలం సరిగ్గా 10 కోట్లు వస్తుంది, దాన్ని −10 కోట్లకు కలిపితే సున్నా. సున్నాకు సంవర్గమానం అడిగారు, మైనస్ అనంతం వచ్చింది.

5 కోట్ల దగ్గర ఆ 1 పోదు, వర్గంలో భద్రంగానే ఉంటుంది. పోయేది వర్గమూలంలో. అసలు వర్గమూలం 5,00,00,000.00000001. కానీ ఆ ప్రాంతంలో పక్కపక్క డబుల్ సంఖ్యల మధ్య దూరం 2⁻²⁷, అంటే సుమారు 0.00000000745. మీకు కావలసిన 0.00000001 ఆ దూరానికి ఒకటింపావు రెట్ల పైచిలుకు. ఒకటింపావు అనే గీత ఆ కొలబద్దపై లేదు. ఒకటి కావాలి, లేదంటే రెండు కావాలి. దగ్గరది ఒకటి కాబట్టి వర్గమూలం అక్కడికి సర్దుకుంటుంది. ఎక్స్ తీసేశాక మిగిలేది 2⁻²⁷, దాని సంవర్గమానం −18.714974. మీ పట్టికలోని సంఖ్య ఇదే.

దీనితో మీ మెట్ల లెక్కంతా తేలిపోతుంది. 2²⁵ నుంచి 2²⁶ వరకు, రూపాయల్లో 3,35,54,432 నుంచి 6,71,08,864 లోపు, ఏ నష్టం ఇచ్చినా మీ ప్రోగ్రాము నుంచి రాగలిగినవి రెండే విలువలు. సుమారు 4.47 కోట్ల దగ్గర ఒకదాని నుంచి మరొకదానికి దూకుతుంది. 6,71,08,864 రూపాయలు, ఆపైన ఏ పూర్ణ సంఖ్య నష్టమైనా మైనస్ అనంతమే. ఈ విలువలను తిరిగి రూపాయల్లోకి మార్చి చూస్తే 5 కోట్ల నష్టం 6.71 కోట్లు అవుతుంది, 4 కోట్లది 3.36 కోట్లు అవుతుంది. చిన్న తేడా కాదిది.

ఉత్తరం బరువు తెలుసుకోవడానికి లారీని వేబ్రిడ్జి మీద ఉత్తరంతో ఒకసారి, ఉత్తరం లేకుండా ఒకసారి తూచి తేడా తీసినట్టు ఉంది ఈ పద్ధతి. రెండు కొలతలూ విడివిడిగా చూస్తే చాలా కచ్చితమైనవే. తేడాకు మాత్రం విలువ లేదు.

పరిష్కారం మీరు చెప్పిన అద్దంలోనే ఉంది. ఏసిన్హ్ బేసి ప్రమేయం: ఏసిన్హ్(−ఎక్స్) = −ఏసిన్హ్(ఎక్స్). గుర్తును ముందే పక్కన పెట్టి పరమ విలువతో లెక్క చేయండి, చివర్లో గుర్తు తిరిగి అంటించండి. జావాలో దానికి మాథ్.కాపీసైన్ ఉంది. అప్పుడు తీసివేత ఉండదు, రెండూ ధనసంఖ్యల కూడికే అవుతుంది.

లాభనష్టాల_పట్టిక

ధన్యవాదాలు. గుర్తు మార్పు చేయగానే −10 కోట్లకు −19.113828, −5 కోట్లకు −18.420681 వచ్చాయి. మెట్లు పోయాయి. ఇంతటితో సరిపోతుందా, ఇంకేమైనా చూసుకోవాలా?

పాతసి

మీ పట్టికకు సరిపోతుంది. కానీ ఈ ప్రమేయాన్ని ఒక గ్రంథాలయంలో (లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే ప్రమేయాల సంకలనం) పెట్టి పదిమందికీ ఇస్తున్నట్లయితే సరిపోదు. ఇంకా రెండు చోట్ల అది కూలుతుంది.

మొదటిది సున్నా పరిసరాలు. ఎక్స్ = 10⁻¹⁰ ఇవ్వండి. సరైన జవాబు దాదాపు అదే, 10⁻¹⁰. మీ సూత్రం 1.00000008269 × 10⁻¹⁰ ఇస్తుంది. 16 అంకెలు పట్టే రకంలో ఎనిమిదో దశాంశానికే తప్పు. 1కి 10⁻¹⁰ కలిపినప్పుడు దాని అంకెల్లో సగం పైగా రాలిపోతాయి, ఆ తర్వాత సంవర్గమానం ఎంత జాగ్రత్తగా తీసినా రాలినవి తిరిగి రావు. 10⁻¹⁷ ఇస్తే ఏకంగా సున్నా వస్తుంది.

రెండోది మరీ పెద్ద సంఖ్యలు. 10²⁰⁰ వర్గం 10⁴⁰⁰. డబుల్ పట్టగలిగేది సుమారు 1.8 × 10³⁰⁸ వరకే. వర్గం దగ్గరే అనంతం అయిపోతుంది, జవాబు కూడా అనంతమే. నిజమైన జవాబు 461.21, ఏమంత పెద్ద సంఖ్య కాదు.

సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1993లో విడుదల చేసిన ఎఫ్‌డిలిబ్‌ఎమ్ అనే సి గ్రంథాలయంలో దీనికి చక్కటి విధానం ఉంది. ఆ తర్వాత వచ్చిన ఎన్నో భాషల గణిత గ్రంథాలయాలకు అదే మూలం. పరమ విలువను ‘అ’ అనుకుందాం. ‘అ’ 2⁻²⁸ కంటే చిన్నదైతే ఎక్స్‌నే తిరిగి ఇచ్చేయడం, ఎందుకంటే తేడా ఎక్స్³/6 ప్రాంతంలో ఉంటుంది, అది డబుల్‌కు కనిపించదు. 2²⁸ దాటితే లాగ్(అ) + లాగ్(2), అక్కడ వర్గంతో పనే లేదు. 2 నుంచి 2²⁸ వరకు లాగ్(2అ + 1/(√(అ² + 1) + అ)). మిగిలిన 2 లోపు భాగానికి:

లాగ్1పి(అ + అ²/(1 + √(1 + అ²)))

ఇందులో అందమైనది ఆ చివరి వరుస. లాగ్1పి(టి) అంటే లాగ్(1 + టి), కానీ 1ని నిజంగా కలపకుండా లెక్కిస్తుంది. మన సూత్రంలోంచి 1ని విడదీయాలంటే √(1 + అ²) − 1 కావాలి. అది మళ్లీ దగ్గరి సంఖ్యల తీసివేత. బడిలో కరణులను అకరణీయం చేసినట్టు సంయుగ్మంతో గుణించి భాగిస్తే అ²/(1 + √(1 + అ²)) అవుతుంది, తీసివేత మాయం. ఎనిమిదో తరగతి బీజగణితం ఇంత పని చేస్తుందని నాకు ఎవరూ అప్పుడు చెప్పలేదు, చెప్పి ఉంటే ఇంకా ఇష్టంగా చేసేవాణ్ని.

లాగ్1పి జావా మాథ్ క్లాసులో ఉంది. 1979లో వచ్చిన హెచ్‌పి-41సి జేబు క్యాలిక్యులేటర్‌లోనే ఈ పని చేసే ప్రమేయం ఉండేది. సి భాష ప్రమాణంలోకి మాత్రం 1999లో, విలోమ అతిపరావలయ ప్రమేయాలతో పాటే వచ్చింది. 1989 ప్రమాణంలో సిన్హ్, కాష్, టాన్హ్ మాత్రమే ఉండేవి. అందుకే పాత పుస్తకాల్లో, పాత ప్రోగ్రాముల్లో అందరూ చేత్తో రాసుకున్న సూత్రాలు కనిపిస్తాయి. అవి చూసి నకలు చేసుకుంటూ వచ్చిన వాళ్ల వల్ల ఈ లోపం తరతరాలుగా బతుకుతోంది.

కొత్తకోడరు

అయితే ఏ భాషల్లో సిద్ధంగా ఉంది, ఏ భాషల్లో లేదు?

పాతసి

సి (1999 నుంచి), సి++ (2011 నుంచి), ఫోర్ట్రాన్ (2008 ప్రమాణం నుంచి), పైథాన్ (2.6 నుంచి), జావాస్క్రిప్ట్ (2015 ప్రమాణం నుంచి), గో, రస్ట్, ఆర్. సి షార్ప్‌లో డాట్‌నెట్ కోర్ 2.1తో వచ్చింది. ఎక్సెల్‌లో కూడా ఉంది. జావా 17లో కావాలంటే అపాచీ కామన్స్ మాథ్ గ్రంథాలయంలోని ఫాస్ట్‌మాథ్ క్లాసు వాడవచ్చు. సిద్ధంగా ఉన్నచోట చేత్తో రాయకండి.

గణాంకదీపిక

లెక్క కచ్చితత్వం గురించి మంచి చర్చ జరిగింది. కానీ నాకు అంతకంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. లాభనష్టాల_పట్టిక గారూ, రూపాయల్లోనే ఏసిన్హ్ ఎందుకు తీస్తున్నారు?

ఏసిన్హ్ సున్నా దగ్గర సరళరేఖ, దూరంగా వెళ్లాక లాగ్(2ఎక్స్). ఒకటి నుంచి మరొకదానికి మారేది ఎక్స్ = 1 ప్రాంతంలో. మీ యూనిట్ రూపాయి కాబట్టి ఆ మార్పు ఒక్క రూపాయి దగ్గర జరుగుతోంది. ఫలితం చూడండి: లాభం సున్నా నుంచి వెయ్యి రూపాయలకు పెరిగితే మీ కొలబద్ద మీద దూరం 7.6. వెయ్యి నుంచి లక్షకు పెరిగితే 4.6 మాత్రమే. ఒక పరిశ్రమకు వెయ్యి రూపాయల లాభం అంటే దాదాపు సున్నాయే, అయినా మీ గ్రాఫులో అది లక్ష రూపాయల ఎదుగుదల కంటే పెద్ద సంఘటనగా కనిపిస్తుంది. సున్నాకు అటూ ఇటూ ఉన్న సంస్థలు రెండు గుంపులుగా చీలిపోయి, ఆ మధ్యలో పెద్ద ఖాళీ కనిపించాలి. కనిపిస్తోందా?

అవే అంకెలను లక్షల్లో రాసి ఏసిన్హ్ తీయండి. వెయ్యి రూపాయలు 0.01 అవుతుంది, దాని ఏసిన్హ్ కూడా 0.01. లక్ష రూపాయలు 0.88. ఇప్పుడు చిత్రం వేరు. మామూలు సంవర్గమానంలో యూనిట్ మారితే గ్రాఫు మొత్తం పైకో కిందకో జరుగుతుంది, ఆకారం మారదు. ఏసిన్హ్‌లో ఆకారమే మారుతుంది. ఆర్థికశాస్త్రంలో 1988లో బర్బిడ్జ్, మాగీ, రాబ్ ఈ పరివర్తనను ప్రతిపాదించినప్పుడే అందులో ఒక పరామితిని పెట్టారు. తర్వాత వాడిన వాళ్లలో చాలామంది దాన్ని 1గా వదిలేశారు. సగటు ప్రభావాన్ని శాతాల్లో చెప్పేటప్పుడు ఈ యూనిట్ ఎంపిక ఫలితాన్నే తారుమారు చేయగలదు.

ఖగోళ శాస్త్రజ్ఞులు ఇందులో ఎక్కువ జాగ్రత్తపడ్డారు. 1999లో లప్టన్, గన్, సలాయ్ మసక నక్షత్రాల ప్రకాశానికి ఏసిన్హ్ ఆధారిత కొలమానాన్ని ప్రతిపాదించారు. స్లోన్ ఆకాశ సర్వే దాన్నే వాడింది. నేపథ్య శబ్దం (నాయిస్, అంటే కొలతలోని యాదృచ్ఛిక ఒడుదొడుకులు) ఎక్కువైన చోట కొలిచిన కాంతి సున్నాకు కిందకు కూడా పోతుంది కాబట్టి వాళ్లదీ మీ చిక్కే. వాళ్లు సరళరేఖ భాగం ఎక్కడ ముగియాలో ఆ శబ్దం పరిమాణాన్ని బట్టి నిర్ణయించారు. మీరు కూడా ఏసిన్హ్(ఎక్స్/తీటా) రాసి, తీటాకు అర్థవంతమైన విలువ ఇవ్వండి. ఎంత లాభం లేదా నష్టం లోపు ‘ఇంచుమించు సున్నా’ అని మీ రంగంలో అంటారో అదే తీటా.

లాభనష్టాల_పట్టిక

మీరు చెప్పిన ఖాళీ నా గ్రాఫులో స్పష్టంగా ఉంది. సున్నాకు అటు 7 నుంచి, ఇటు −7 నుంచి చుక్కలు మొదలవుతున్నాయి, మధ్యలో సున్నా సంస్థలు ఒక గీతలా ఉన్నాయి. పరిశ్రమలు నిజంగానే రెండు రకాలుగా ఉన్నాయేమో అనుకుని దానికి కారణాలు కూడా వెతకడం మొదలుపెట్టాను. తీటాగా లక్ష రూపాయలు తీసుకుంటాను.

మరి లక్షతో భాగిస్తే 10 కోట్లు కూడా 1,000 మాత్రమే అవుతుంది. అప్పుడు పాత సూత్రమే ఉన్నా ఇబ్బంది ఉండదు కదా?

ద్విసంఖ్య

కళ్లకు కనిపించే ఇబ్బంది ఉండదు. అదే ప్రమాదం. −1,000 దగ్గర పాత సూత్రం పది అంకెల వరకు సరిగ్గానే ఇస్తుంది, పరీక్షలన్నీ గట్టెక్కుతాయి. రేపు ఎవరో అదే ప్రమేయాన్ని తీటా లేకుండా రూపాయలతో పిలుస్తారు, మెట్లు మళ్లీ మొదలవుతాయి. సరిచేసిన రూపాన్ని అలాగే ఉంచండి.

పటాలపిచ్చి

నేను ఏసిన్హ్‌ను రోజూ వాడేది పటాల్లో. 1569లో మెర్కేటర్ గీసిన ప్రక్షేపణంలో అక్షాంశాన్ని పటం మీది ఎత్తుగా మార్చే సూత్రం గోళానికి ఏసిన్హ్(టాన్(అక్షాంశం)). ఫోనులో పటం తెరిస్తే కనిపించే చదరపు పలకల సంఖ్య కూడా దీని నుంచే వస్తుంది. హైదరాబాద్‌కు 17.385 ఉత్తర అక్షాంశం, 78.4867 తూర్పు రేఖాంశం తీసుకుని పదో జూమ్ స్థాయిలో లెక్కిస్తే, టాన్ 0.3131, ఏసిన్హ్ 0.3082. దాన్ని π తో భాగించి 1లోంచి తీసి సగం చేసి 1,024తో గుణిస్తే 461.77. అంటే నిలువు వరుసలో 461వ పలక, అడ్డంగా 735వది.

నా ప్రశ్న: జీపీఎస్ జోడించిన చిన్న మైక్రోకంట్రోలర్ మీద ఇదే లెక్క చేస్తున్నాను. ఆర్డుయినో యూనోలో డబుల్ అని రాసినా అది నాలుగు బైట్ల ఫ్లోటే. అక్కడ దక్షిణార్ధగోళంలో కూడా ఈ మెట్లు వస్తాయా?

ద్విసంఖ్య

నాలుగు బైట్ల ఫ్లోట్‌కు 24 ద్విసంఖ్యా స్థానాలే కాబట్టి మైనస్ అనంతం −4,096 దగ్గరే వచ్చేస్తుంది. కానీ చదరపు పటాలు 85.05 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, అక్కడ టాన్ 12 కూడా దాటదు. మీకు దెబ్బ తగిలేది భూమధ్యరేఖ దగ్గర. 1 పక్కన ఫ్లోట్ సంఖ్యల మధ్య దూరం 1.19 × 10⁻⁷. దాన్ని భూమి వ్యాసార్ధం 63,78,137 మీటర్లతో గుణిస్తే సుమారు 0.76 మీటరు. అంటే పాత సూత్రంతో, రేఖకు కాస్త ఉత్తరాన, మీ స్థానం ముప్పావు మీటరు అంగలతో కదులుతుంది. లాగ్1పి రూపంలో ఆ అంగలు ఉండవు. అయితే అక్షాంశాన్నే డిగ్రీల్లో ఫ్లోట్‌లో దాచుకుంటే మన ప్రాంతంలో అంతకంటే పెద్ద అంగలు ముందే వచ్చేసి ఉంటాయి. 17 డిగ్రీల దగ్గర ఫ్లోట్ సంఖ్యల దూరం 0.0000019 డిగ్రీలు, నేలమీద సుమారు 21 సెంటీమీటర్లు.

పటాలపిచ్చి

21 సెంటీమీటర్లు 0.76 మీటరు కంటే చిన్నవే కదా?

ద్విసంఖ్య

అవును, మీరన్నదే సరి. మన ప్రాంతంలో కూడా సూత్రం వల్ల వచ్చే అంగలే పెద్దవి. కాబట్టి సూత్రాన్ని మార్చుకోవడం మీకు నిజంగా లాభం.

కొత్తకోడరు

ఏకాష్, ఏటాన్హ్ సంగతి? ఒక పాఠంలో అతిపరావలయ జ్యామితిలో రెండు బిందువుల మధ్య దూరానికి ఏకాష్ వాడమన్నారు. ఒక బిందువు నుంచి అదే బిందువుకు దూరం అడిగితే కొన్నిసార్లు సున్నా, కొన్నిసార్లు ప్రోగ్రాము ఆగిపోవడం.

పాతసి

ఏకాష్ 1, అంతకంటే పెద్ద సంఖ్యలకే నిర్వచితం. బిందువు నుంచి అదే బిందువుకు లోపలి విలువ 1 రావాలి. సవరణల వల్ల 0.9999999999999999 వస్తే పైథాన్ మాథ్ విభాగం దోష సందేశం ఇస్తుంది. పైథాన్‌లోనే వాడే నంపై గ్రంథాలయం, జావాస్క్రిప్ట్, సి అయితే ‘సంఖ్య కాదు’ అనే విలువ ఇస్తాయి, అది లెక్కంతా పాకుతుంది. 1 కంటే తక్కువైతే 1గా తీసుకోవడం తాత్కాలిక వైద్యం. ఏకాష్(ఎక్స్) = 2 ఏసిన్హ్(√((ఎక్స్ − 1)/2)) అనే సర్వసమీకరణం అసలు వైద్యం. ఎక్స్ − 1ని తీసివేసి కాక బిందువుల నిర్దేశాంకాల తేడాల నుంచి నేరుగా లెక్కించండి. దగ్గరి బిందువుల దూరాలు అప్పుడే నమ్మదగినవిగా వస్తాయి.

ఏటాన్హ్‌కు ½ లాగ్1పి(2ఎక్స్/(1 − ఎక్స్)), ఇక్కడ కూడా గుర్తు ముందే తీసి పక్కన పెట్టాలి. సరిగ్గా 1 ఇస్తే సి, జావాస్క్రిప్ట్ అనంతం ఇస్తాయి, పైథాన్ దోష సందేశం ఇస్తుంది.

గణాంకదీపిక

ఏటాన్హ్ గణాంకాల్లో సహసంబంధ గుణకానికి ఫిషర్ పరివర్తనగా కనిపిస్తుంది. రెండు నిలువు వరుసలు పొరపాటున ఒకటే అయితే గుణకం 1, ఏటాన్హ్ అనంతం. అనంతం వస్తే ముందు పట్టికలో నకలు వరుసలు ఉన్నాయేమో చూడండి.

లాభనష్టాల_పట్టిక

తీటా లక్షగా, ఎఫ్‌డిలిబ్‌ఎమ్ విధానంతో మళ్లీ నడిపాను. 5 కోట్ల నష్టం −6.907756, లాభం 6.907756. మధ్యలో ఖాళీ పోయింది, చిన్న సంస్థలు సున్నా చుట్టూ ఒకే గుంపుగా ఉన్నాయి. ఒకటే సందేహం. అక్షం మీద −6.9 అని ఉంటే నివేదిక చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు.

గణాంకదీపిక

అక్షం మీద ఏసిన్హ్ విలువలు రాయకండి. −10 కోట్లు, −1 కోటి, −10 లక్షలు, −1 లక్ష, 0, ఆపై అలాగే లాభాలవైపు: ఒక్కొక్కదాన్ని తీటాతో భాగించి ఏసిన్హ్ తీయండి, ఆ స్థానంలో గీత పెట్టి పక్కన రూపాయల పేరే రాయండి. లక్షకు అటూ ఇటూ మధ్య భాగాన్ని లేత రంగుతో నింపి, అక్కడ కొలబద్ద సరళమైనదని బొమ్మ కింద ఒక వాక్యం చేర్చండి.